బంగాళాఖాతపు గాలివానలు, వాని ముందుసూచనలు

ఆశ్వయుజ కార్తికములు మన తూర్పుతీరము వారికి పండుగల నెలలు; భయపు నెలలును అవియే. సార్వా చేలు పొట్టవిచ్చి తల వంచు కాలమున, ఈశాన్యపు మూల నుండి ముసురు పట్టి, కొబ్బరిమట్టలు ఒకే దిక్కునకు ఒరిగి కూయనారంభించినచో, ఇంటి పెద్దలు మాటలు మాని ఆకాశము వంక చూచెదరు. గాలివాన యనునది మన మాట. తుపాను అరబ్బీ నుండి పారసీ హిందూస్థానీల మీదుగా మనకు వచ్చినది. వాయుగుండము వార్తాపత్రికల వలన ఇంటింట వ్యాపించినది. వీని అన్నిటికంటె భయంకరమైన మాట ఉప్పెన. గాలి ఇంటి కప్పును గొనిపోవును గాని, ఉప్పెన ఊరినే గొనిపోవును. తీరగ్రామములలో వయస్సులను, పెండ్లిండ్లను, భూమి తగవులను “ఉప్పెనకు ముందు”, “ఉప్పెనకు తరువాత” అని లెక్కించుకొనుట వాడుకయే.

ఈ గాలివానల రాకను ముందుగా తెలిసికొను విద్య ఎట్లు పుట్టి ఎట్లు పెరిగినదో చదువరులకు విన్నవింప బూనితిమి. ఈ చరిత్రను వ్రాయువారు సాధారణముగా యంత్రముల చరిత్రగా వ్రాయుదురు: మొదట వాయుభారమాపకము, పిమ్మట తంతి, ఆపైని రేడియో, తుదకు ఉపగ్రహము. అది అసత్యము కాదు. అయినను మాకు దానికంటె ముఖ్యముగ తోచు ప్రశ్న వేరొకటి కలదు. సూచన తెలిసినది సరే. అది ఎవరికొఱకు తెలిసికొనబడినది? ఎవరి చెవిని పడినది?

గోదావరి ముఖమున యానామునకు దగ్గరగా కోరంగి యను రేవు కలదు. నేడది చిన్న పల్లె. ఒకప్పుడు ఓడలు కట్టుటకును, పాతవానిని బాగుచేయుటకును పేరొందిన స్థలము. బర్మాకు కూలికి పోయిన తెలుగువారిని రంగూనులో “కోరంగీలు” అని పిలుచుట ఈ రేవు పేరు మీదనే కలిగినది. 1789 డిసెంబరులో మూడు పెనుకెరటములు ఒకదాని వెంట నొకటి వచ్చి ఈ రేవును ముంచివైచెను. ఇరువదివేల మంది మరణించిరని నాటివారు చెప్పిరి. ఊరు తిరిగి లేచినది. 1839 నవంబరు 25వ తేదీన మరల ఉప్పెన వచ్చినది. కెరటము నలువది అడుగుల ఎత్తున లేచినదనియు, మూడు లక్షల మంది చనిపోయిరనియు పెక్కు పుస్తకములలో కానవచ్చును. ఆ కాలపు కోరంగికిని, దాని చుట్టుపట్ల పల్లెలకును అంత జనసంఖ్య ఉండెనా యని సందేహింపక తప్పదు. ఒకరు వ్రాసిన అంకెను పలువురు ఎత్తి వ్రాసికొని ఉందురని మా తలంపు. అయితే ఇచట గమనింపదగినది వేరు. ఒకసారి ఇరువదివేలనిరి, ఒకసారి మూడు లక్షలనిరి. ఆ రెంటి నడుమ ఇంత అంతరమున్నను, సరిచూచుటకు ఎవరి యొద్దను లెక్క లేదు. పోయిన ఓడలకు, సరకులకు యజమానులు కలరు, పద్దులు కలవు. పోయిన పల్లెకారుల పేర్లు వ్రాసికొన్న పద్దు లేదు.

కోరంగి రెండవసారి మునిగిన ఆ సంవత్సరముననే, కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అను నొక ఆంగ్లేయుడు గాలివానల నియమమును గూర్చిన తన వ్యాసములను బంగాళ ఏషియాటికు సంఘపు పత్రికలో ప్రకటింప మొదలిడెను. ఈతడు వర్తకపు ఓడలకు నాయకుడుగా నుండి, పిమ్మట బంగాళములో స్థిరపడి, ఓడలకు కలిగిన ప్రమాదములను విచారించు న్యాయస్థానమునకు అధ్యక్షుడయ్యెను. గాలివానలో చిక్కి బయటపడిన ప్రతి ఓడ దినచర్యను అడిగి తెప్పించుకొని, ఏ గంటకు గాలి ఏ దిక్కు నుండి వీచెను, వాయుభారము ఎంత తగ్గెను అను సంగతులను పటముపై గుర్తించుచు పోయెను. అతనికి ముందు అమెరికాలో రెడ్‌ఫీల్డు అనునతడు 1821లో నొక తుపాను పోయిన దారి వెంట నడచి, ఒక ప్రక్కను కూలిన చెట్లు ఒక దిక్కునకును, రెండవ ప్రక్కను కూలినవి దానికెదురు దిక్కునకును పడియుండుట చూచి, గాలివాన తిన్నగా వీచు గాలి కాదు, సుడి తిరుగు గాలి యని 1831లో వెల్లడించెను. 1838లో రీడ్ అను సైనికోద్యోగి ఈ విషయముపై పెద్ద గ్రంథము వ్రాసెను. పిడింగ్టన్ ఈ విద్యను ఓడ నడుపువాని చేతికి అందునట్లు చేసెను. 1848లో అతడు ప్రకటించిన పుస్తకముతో పాటు కొమ్మును పలుచగా చెక్కి చేసిన పారదర్శకమగు రెండు బిళ్లలు ఉండెడివి. భూమధ్యరేఖకు ఉత్తరమున నొకటి, దక్షిణమున నొకటి వాడవలెను. వానిపై సుడిగాలి వలయములు, గాలి దిక్కులు గీయబడి ఉండును. సముద్రపటముపై బిళ్లను పెట్టి, తన ఓడకు తగులుచున్న గాలి దిక్కును సరిచూచుకొన్నచో, గాలివాన నడిబొడ్డు ఎచట నున్నదో, తాను ఎటు తొలగిపోవలెనో నావికునకు తెలియును. ఆ పుస్తకముననే అతడు “సైక్లోను” అను పేరు పెట్టెను. గ్రీకు భాషలో అది పాము చుట్టను తెలుపు మాట యట. మన పల్లెకారుడు సుడి యని ఒక్కమాటలో చెప్పును.

చదువరులు ఈ నియమమును తామే పరీక్షించుకొనవచ్చును. మన అర్ధగోళమున గాలివాన గడియారపు ముండ్లకు ఎదురుదిక్కుగా తిరుగును. కావున గాలికి వీపు చూపి నిలుచున్నచో, గాలివాన నడిబొడ్డు మన ఎడమచేతి వైపున, కొంచెము ముందునకు ఉండును. హాలెండు దేశపు పండితుడు బైస్ బల్లాట్ 1857లో ఈ సూత్రమును ఇట్లు తేటపరచెను. పెంకుటింటి వసారాలో నిలిచి చిన్నపిల్లలు కూడ చూడగలుగునంత సులభమిది.

పిడింగ్టన్ చేసిన ఇంకొక పని చెప్పక విడువరాదు. కలకత్తాకు బదులుగా మాట్లా నది ఒడ్డున క్రొత్త రేవు కట్టవలెనని ప్రభుత్వము తలపెట్టగా, 1853లో అతడు గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువునకు బహిరంగముగ లేఖ వ్రాసి, ఆ చోట ఒకనాడు ఉప్పెన వచ్చి అంతయు ఊడ్చిపెట్టునని హెచ్చరించెను. ఎవరును లక్ష్యపెట్టలేదు. పోర్టు కానింగు అను పేర రేవు వెలసినది. 1858లో పిడింగ్టన్ చనిపోయెను. 1867 నవంబరులో గాలివాన, ఉప్పెన కలిసి వచ్చి ఆ రేవును పాడుచేసినవి. పిమ్మట అది కోలుకొనలేదు.

1864లో నెల తిరుగక మునుపే రెండు గాలివానలు మన తీరమును కొట్టెను. అక్టోబరు 5వ తేదీన కలకత్తాను కొట్టినది మొదటిది. ఏబదివేలకు పైగా జనులు చనిపోయిరి, రేవులోని ఓడలలో చాలభాగము తెగి, కొట్టుకొని, పగిలిపోయినవి. నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచినది రెండవది. పదుమూడు అడుగుల ఎత్తున లేచిన నీరు పదునేడు మైళ్ల లోపలికి చొచ్చినది. ముప్పదివేల మంది మరణించిరి. అర్ధరాత్రి చీకటిలో, గాలి హోరులో, తలుపు క్రిందుగా ఉప్పునీరు వచ్చువరకు ఆపద యెట్టిదో తెలియనివారెందరో. బ్రతికినవారికి మంచినీటి బావులు ఉప్పుబావులయ్యెను.

ఈ రెంటికి పిమ్మట జరిగిన దేమి? కలకత్తా రేవునకు 1865లోనే తుపాను సూచనలు ఏర్పడెను. తక్కిన రేవులకు ఈ ఏర్పాటు మెల్లమెల్లగా వ్యాపించి, 1886 నాటికి గాని దేశమందలి రేవులన్నిటికిని అందలేదు. ముప్పదివేల శవములను చూచిన తీరమునకు సూచన అందుటకు ఇరువది సంవత్సరములకు మించి పట్టినదన్నమాట! కలకత్తా రాజధాని, అచటి ఓడలలో లక్షల రూపాయల సరకు ఉండెను. బందరులో పోయినది చాలవరకు గుడిసెలు, పశువులు, మనుష్యులు. ఇది కఠినమైన మాట యని కొందరు తలంపవచ్చును. తేదీలను చూచినవారికి వేరు మాట తోచదు.

నడుమ 1875లో భారత వాతావరణశాఖ స్థాపింపబడినది. కలకత్తా గాలివానయు, 1866, 1871 సంవత్సరముల అనావృష్టియు దీనికి ప్రేరకములు. హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫోర్డు దీనికి మొదటి అధికారి. 1864 నాటి కలకత్తా తుపానును గూర్చి వివరమైన నివేదిక వ్రాసినవారిలో ఈయన ఒకడు. 1876 అక్టోబరు కడపటి రాత్రి మేఘనా ముఖమున బాకర్‌గంజును ఉప్పెన ముంచి లక్షమందిని పొట్టనబెట్టుకొన్నది. అంతే సంఖ్యలో జనులు తరువాత కలరాకును ఆకటికిని బలియైరి. బ్లాన్‌ఫోర్డు తరువాత వచ్చిన జాన్ ఎలియట్ 1890లో బంగాళాఖాతపు గాలివానలపై నావికులకు ఉపయోగపడు గ్రంథము వ్రాసెను. మన తీరమున ఈ విద్యాభిమానము లేకపోలేదు. విశాఖపట్టణములో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ధనముతో వేధశాల కట్టించెను. ఆయన అల్లుడు అంకితం వేంకట నరసింగరావు దానిని నడపి, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించెను. ఒక తెలుగు గృహస్థుని పెరటిలో అట్టి విద్య సాగుచుండెనని మన పిల్లలలో ఎందరికి తెలియును!

సీమదేశపు కథయు కొంచెము చెప్పవలసి యున్నది. 1859 అక్టోబరులో రాయల్ చార్టర్ అను ఓడ వేల్సు తీరమున పగిలి నాలుగువందలకు పైగా జనులు మునిగిరి. అప్పుడు ఫిట్జ్‌రాయ్ అను నౌకాధికారి తంతి ద్వారా తీరమున నలుమూలల వాయుభారమును తెప్పించుకొని, 1861 ఫిబ్రవరి నుండి రేవులకు పెనుగాలి సూచనలు పంపసాగెను. కొన్ని సూచనలు తప్పెను. పండితులు ఎగతాళి చేసిరి. 1865లో అతడు ఆత్మహత్య చేసికొనెను. మరుసటి యేడు సూచనలు నిలిపివేయబడెను. నిలిపివేసినది శాస్త్రజ్ఞుల సంఘము. మరల కావలెనని మొరపెట్టినవారు నావికులు, చేపలు పట్టువారు. 1867లో సూచనలు తిరిగి మొదలైనవి. పదింటిలో రెండు తప్పిన సూచనను పండితుడు అశాస్త్రీయమని త్రోసివేయగలడు. పడవ నెక్కువాడు తక్కిన ఎనిమిదింటిని విడువలేడు. ఉష్ణమండలమున ఈ పని చేసిన ఇద్దరు జెస్యూట్ గురువులు కూడ స్మరణీయులు: 1875లో హవానాలో వీన్యెస్, 1879లో మనీలాలో ఫౌరా, మేఘములను వాయుభారమును చూచియే తుపాను రాకను ముందుగా ప్రకటించిరి.

ఇక రేవులలో ఎగురవేయు గురుతులు. 1898లో మన దేశపు రేవులన్నిటికిని ఒకే పద్ధతి యేర్పడినది. పగటివేళ జెండాకంబమునకు నల్లని శంకువులను, డోలు వంటి వానిని కట్టుదురు. రాత్రివేళ ఎర్రని, తెల్లని దీపములు. వీనికి ఒకటి మొదలు పదునొకండు వరకు అంకెలు. ఒకటి, రెండు దూరపు సముద్రమున గాలివాన యున్నదని. మూడు, నాలుగు రేవునకే గాలి తగులునని. అయిదు మొదలు ఏడు వరకు ప్రమాదము. ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదము. గాలివాన రేవునకు ఏ ప్రక్కగా పోవునో దానిని బట్టి అంకె మారును. కావున ఎనిమిది కంటె తొమ్మిది పెద్దది యనుకొనుట పొరపాటు. పదునొకండవది విచిత్రమైనది. సూచన పంపు కార్యాలయముతో సంబంధము తెగిపోయినదనియు, వాతావరణము చెడునని రేవు అధికారి తలంచుచున్నాడనియు దాని అర్థము. తంతి కంబములు పడిపోయిన పిమ్మట ఎగురు గురుతు అది.

ఈ గురుతులు ఓడలవారికి కట్టినవి. నావికుని పుస్తకమున వాని అర్థము అచ్చుపడి యుండును. రేవునకు పది మైళ్ల దూరమున లంకలో కాపురమున్న కౌలురైతునకు కంబము కనబడదు. కనబడినను అది చదువబడదు. వార్తాపత్రికలో “మూడవ నెంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరి” అని నేటికిని చదువుచున్నాము. ఆ మూడు అనగా నేమో తెలిసిన ఇండ్లు ఎన్ని?

గాలి వేగమును కొలుచు పద్ధతియు ఓడలదే. 1805లో బోఫర్టు అను నౌకాధికారి గాలిని పండ్రెండు మెట్లుగా విభజించెను. ఎనిమిదవ మెట్టు గేలు, అనగా పెనుగాలి: గంటకు 34 నాట్లు, సుమారు 63 కిలోమీటర్లు. మన వాతావరణశాఖ ఈ మెట్టు దాటిన సుడినే తుపాను అని పిలుచుచున్నది. దానికి లోబడినది వాయుగుండము. 48 నాట్లు దాటినది తీవ్ర తుపాను, 64 దాటినది అతి తీవ్రము, 120 చేరినది మహా తుపాను. ఇవి పుట్టుటకు సముద్రపు పైనీరు సుమారు 26 1/2 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వెచ్చగా ఉండవలెను. భూమధ్యరేఖకు అయిదు డిగ్రీల లోపల సాధారణముగా పుట్టవు, ఏలయన గాలిని సుడి త్రిప్పు భూభ్రమణ ప్రభావము అచట చాలదు. నడి వానకాలమున పై గాలులు క్రింది గాలులు వేరువేరు దిక్కుల వీచి సుడిని చెదరగొట్టును; కావుననే మన తుపానులు వేసవి చివరను, వానకాలపు చివరను వచ్చును. బంగాళాఖాతము గరాటువలె ఉత్తరమునకు ఇరుకై, తీరమున లోతు తక్కువై యుండుటచే, గాలి తోసిన నీరు పోవుచోటు లేక ఉప్పెనగా లేచును.

ఇరువదవ శతాబ్దారంభమున ఓడలకు తీగలేని తంతి వచ్చినది. నడిసముద్రము నుండి ఓడలు గాలి సంగతి పంపసాగెను. ఇందొక చిక్కు కలిగినది. సూచన అందిన ఓడలు తుపానును తప్పించుకొని దూరముగా పోవును. పోయినంతనే తుపాను నడుమ నుండి కబురు చెప్పువారుండరు. ఈ గ్రుడ్డితనము 1960లో మొదటి వాతావరణ ఉపగ్రహము పైకెగిరిన తరువాత గాని తొలగలేదు. సముద్రముపై ఏ సుడియు ఇక మనిషి కంటబడక దాగజాలదు.

చూచుట వేరు, చెప్పుట వేరు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినది. అప్పటికి ఉపగ్రహములున్నవి, రేడియో యున్నది, తుపాను వచ్చుచున్నదని తెలియును. అయినను సర్కారు లెక్క ప్రకారమే పదివేల మంది పోయిరి. పోవుటకు ఎత్తైన చోటు లేదు, కొనిపోవుటకు బండి లేదు, పోవలసినదని ఇంటి ముందర నిలిచి చెప్పిన మనిషి లేడు. ఆ దుఃఖము నుండియే తీరము వెంట తుపాను ఆశ్రయ భవనములు లేచినవి. 1980ల నడుమ ఉపగ్రహము ద్వారా తీరగ్రామములకే నేరుగా సూచన వినిపించు యంత్రములు వచ్చెను. 1990 మే 9వ తేదీన కృష్ణాముఖమున మరియొక ఘోరమైన తుపాను తీరము దాటినది. లక్షల జనమును ముందే తరలించిరి. మృతులు వేయికి లోబడిరి. పదుమూడేండ్లలో గాలి మారలేదు, సముద్రము మారలేదు. ఒడిస్సాలో 1999 నాటి మహా తుపానున పదివేల మంది పోగా, 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షల మందిని కదల్చి మరణములను పదుల లెక్కకు దింపిరి.

తూర్పు బంగాళపు అనుభవము మన గృహిణులు ముఖ్యముగ తెలిసికొనదగినది. 1970 నవంబరులో భోలా తుపానున మూడు లక్షలకు మించి జనులు మరణించిరి. 1972లో బంగ్లాదేశమున ఊరూర స్వచ్ఛంద సేవకులను నియమించి, చేతి బూరలతో ఇంటింటికి సూచన చెప్పు ఏర్పాటు చేసిరి. అయినను 1991 ఏప్రిలులో మరల లక్షా ముప్పదివేలకు పైగా పోయిరి. వారిలో పురుషులకంటె స్త్రీలు చాల హెచ్చు. కారణములు విచారింపగా తెలిసినవి: భర్త లేనిది ఇల్లు విడువరాదను నియమము, పరపురుషులతో కలిసి ఆశ్రయ భవనమున నుండుటకు సంకోచము, చంకన పిల్లలు, కాళ్లకు చుట్టుకొను చీర, ఈత నేర్వనిచ్చినవారు లేకుండుట. ఘోషాయు, ఆచారమును వరదనీటిలో ఎట్లు రాయియై మెడకు వ్రేలాడునో ఇంతకంటె స్పష్టముగా చెప్పు నిదర్శనము మాకు తెలియదు. పిమ్మట అచట స్త్రీలకు వేరు గదులు కట్టిరి, సేవకులలో స్త్రీలను చేర్చిరి. తరువాతి తుపానులలో ఈ అంతరము చాలవరకు తగ్గినది.

తీరమున నున్నవారి సంగతి ఇట్లు కొంత బాగుపడగా, ఎవరికొఱకు ఈ విద్య మొదట పుట్టినదో ఆ సముద్రము మీది వారే, అందును చిన్న పడవలవారు, వెనుకబడిరి. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను కొట్టిన తుపానున వేయిమందికి పైగా మరణించిరి. వేటకు పోయి తిరిగిరాని మత్స్యకారులు వందల కొలది. 2017 నవంబరు 30వ తేదీన కన్యాకుమారి దాపున ఒక్క దినము తిరుగక మునుపే వాయుగుండము ఓఖి తుపానుగా మారినది. అప్పటికి కేరళ తమిళదేశముల పడవలు తీరము వదలి ఎన్నో దినములై యుండెను. కబురు రేవులకు చేరినది. పడవలకు చేరు దారి లేదు. సెల్‌ఫోను ఒడ్డు నుండి పది పండ్రెండు కిలోమీటర్లు దాటినచో పలుకదు. వందల కుటుంబములు రేవులో కూర్చుండి ఎదురుచూచినవి.

దీని తరువాత, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమువారు 2019 అక్టోబరులో ఒక చిన్న యంత్రమును వెలువరించిరి. అది ఉపగ్రహము నుండి సూచనను గ్రహించి, పడవలోని సెల్‌ఫోనుకు అందించును. ఎంత దూరపు సముద్రముననైనను పనిచేయును, తెలుగు మొదలుగాగల తీరభాషలలో చెప్పును. అయితే ఆ యంత్రము వినుటకే గాని పలుకుటకు కాదు. తుపాను వచ్చుచున్నదని పడవవాడు తెలిసికొనగలడు. తన పడవ యంత్రము చెడినదని, తానున్న చోటిది యని తిరిగి చెప్పలేడు. రెండు వైపుల మాటలాడు యంత్రములను పడవలలో అమర్చు పని తరువాత మొదలైనది. ఈ యంత్రము ముందుగా పెద్ద మరపడవలకు అందినది. తెప్ప మీద పోవువానికి నేటికిని ఒడ్డున ఎవరో ఒకరు కేక వేయవలసినదే.